చిన్న సివిల్ కాంట్రాక్టు సంస్థల నిర్వహణ: విజయపురి సౌత్, పల్నాడు

కాలువ గట్లు, తూములు, సీసీ రోడ్లు, డ్రెయిన్లు, బడి గదులు, పంచాయతీ భవనాలు, నీళ్ల ట్యాంకులు వంటి పనులను ప్రభుత్వ శాఖల నుంచి టెండరు మీద గానీ, పెద్ద కంపెనీల దగ్గర సబ్ కాంట్రాక్టుగా గానీ తీసుకుని చేసేవి చిన్న సివిల్ కాంట్రాక్టు సంస్థలు. వీటిలో ఎక్కువ భాగం ఒకే మనిషి పేరు మీదో, అన్నదమ్ములూ బావమరుదులూ కలిసిన భాగస్వామ్యంలోనో నడుస్తాయి. ఇంటి ముందు గదే ఆఫీసు. యజమానే టెండరు వేస్తాడు, సిమెంటు తెస్తాడు, మేస్త్రీకి బట్వాడా ఇస్తాడు, బిల్లు కోసం సెక్షన్ ఆఫీసు నుంచి ట్రెజరీ దాకా తిరుగుతాడు.

పల్నాడు జిల్లా మాచర్ల మండలంలో, నాగార్జునసాగర్ కుడి గట్టున ఉన్న విజయపురి సౌత్ ఈ వ్యాపారాన్ని దగ్గర నుంచి చూడటానికి తగిన చోటు. ఊరే ఒక నిర్మాణం కోసం పుట్టింది. ఆ నిర్మాణం నుంచి బయల్దేరిన కాలువకు మరమ్మతు పని ఎప్పటికీ ఉంటుంది. ఇలాంటి సంస్థలు పని చేతకాక చెడిపోవడం అరుదు. చేసిన పని కొలతకు ఎక్కక, ఎక్కిన కొలతకు డబ్బు వేళకు రాక, ఆ మధ్యలో తెచ్చిన అప్పుకు వడ్డీ కట్టలేక చెడిపోవడమే ఎక్కువ. కాబట్టి ఈ రంగంలో నిర్వహణ అంటే ముందుగా కాగితమూ కాలమూ చూసుకోవడం.

ప్రాంతం, నేపథ్యం

విజయపురి పాత పేరు. క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని ఇక్కడి లోయలోనే ఉండేది. ఆ లోయ జలాశయం కింద మునిగిపోతుందని తెలిశాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను నాగార్జునకొండ మీదికీ, దగ్గర్లోని అనుపుకూ తరలించారు. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువకు జవహర్ పేరు, ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు పెట్టారు. ప్రాజెక్టు ఉద్యోగుల కోసం వెలిసిన కాలనీలే ఆ గట్టున విజయపురి నార్త్, ఈ గట్టున విజయపురి సౌత్ అయ్యాయి. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లాను విడదీసినప్పుడు ఈ ఊరు నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడులోకి వచ్చింది.

సుమారు 124 మీటర్ల ఎత్తైన ఈ డ్యాంను ప్రధానంగా రాతి కట్టుబడితో కట్టారు. సిమెంటు, ఉక్కు, విదేశీ మారకం మూడూ కరువుగా ఉన్న రోజులవి. చేతులకు మాత్రం కొదవ లేదు. యంత్రం చేయగల పనిని వేలాది మంది కూలీలతో, రాళ్లు కొట్టేవాళ్లతో, మేస్త్రీలతో చేయించారు. ఇంత మందిని కూడగట్టి, రోజూ పనిలో పెట్టి, వారం వారం కూలి ఇప్పించడం దానంతట అదే ఒక విద్య. తుంగభద్ర, సాగర్, శ్రీశైలం కట్టిన దశాబ్దాల్లో ఆ విద్య నేర్చిన ఒక తరం తయారైంది. తెలుగు నేల నుంచి దేశమంతటా వెళ్లిన కాంట్రాక్టర్ల వెనుక ఈ బడి ఉంది.

కుడి కాలువ ప్రధాన భాగం 203 కిలోమీటర్లు. దాని కింద బ్రాంచీలు, మేజర్లు, మైనర్లు అనే చిన్న కాలువలు, వాటి మీద తూములు, డ్రాపులు, వంతెనలు. ఇందులో ఏటా ఎక్కడో ఒకచోట గట్టు కోసుకుపోతుంది, లైనింగ్ పలక లేస్తుంది, షట్టరు తుప్పు పడుతుంది. ఈ పనులు చిన్నవి, చెదురుమదురుగా ఉంటాయి, పెద్ద కంపెనీకి గిట్టవు. చిన్న సంస్థకు తిండి పెట్టేది ఇవే.

రెండు మార్పులు ఈ బజారును కదిలించాయి. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన సాగునీటి వ్యవస్థల రైతు నిర్వహణ చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి. కాలువ మరమ్మతుల్లో కొంత భాగం ఆ సంఘాల ద్వారా జరగడంతో, అప్పటిదాకా కాంట్రాక్టు ముఖం చూడని రైతులు కూడా కొలతలు, బిల్లులు నేర్చుకున్నారు. తర్వాత 2010లో ప్రపంచ బ్యాంకు 45 కోట్ల డాలర్ల పైచిలుకు రుణం మంజూరు చేయగా సాగర్ కాలువల ఆధునికీకరణ సాగింది. ఆ పని ప్యాకేజీలుగా పెద్ద సంస్థలకు వెళ్లింది. స్థానిక సంస్థలు వాటి కింద సబ్ కాంట్రాక్టర్లుగా చేరాయి. పెద్ద సంస్థ కింద చేస్తే సొంత టెండరుకు కావలసిన అనుభవం నేర్పుగా వస్తుంది గానీ, సర్టిఫికెట్టు రూపంలో రావడం కష్టం. ఎన్నో ఏళ్లు సబ్ కాంట్రాక్టు చేసినా శాఖ దృష్టిలో అనుభవం లేనివాడిగానే మిగిలిపోయే ప్రమాదం ఇక్కడ ఉంది.

రిజిస్ట్రేషన్, పని సామర్థ్యం

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సివిల్ పనులు చేయాలంటే కాంట్రాక్టరుగా నమోదు కావాలి. ఐదో తరగతి నుంచి ఒకటో తరగతి దాకా, ఆ పైన స్పెషల్ క్లాసు. తరగతిని బట్టి ఎంత విలువ పనికి టెండరు వేయవచ్చో నిర్ణయమవుతుంది. చేసిన పనుల అనుభవం, ఆర్థిక స్తోమత, సాంకేతిక సిబ్బంది చూపిస్తూ పైమెట్టు ఎక్కాలి. నీటిపారుదల శాఖ 2003 జులై 1న ఇచ్చిన 94వ నంబరు జీవోతో రిజిస్ట్రేషన్, టెండరు నిబంధనలు కొత్త రూపు దిద్దుకున్నాయి. అదే ఏడాది ఎలక్ట్రానిక్ టెండర్లు కూడా మొదలయ్యాయి. టెండరు ఫారం తీసుకోవడానికి ఆఫీసుకు వెళ్లి అక్కడ నలుగురి కంట పడే పరిస్థితి పోవడం చిన్నవాళ్లకు నిజంగా మేలు చేసింది.

టెండరు నిబంధనల్లో కనిపించే పని సామర్థ్య సూత్రాన్ని ప్రతి యజమానీ కంఠస్థం చేయాలి. గత ఐదేళ్లలో ఏదైనా ఒక్క ఏడాది చేసిన గరిష్ఠ పని విలువను, కొత్త పనికి ఇచ్చిన గడువును సంవత్సరాల్లో చెప్పి, రెండింటినీ గుణించి, దాన్ని రెట్టింపు చేయాలి. అందులోంచి ఆ గడువులో పూర్తి చేయాల్సిన పాత పనుల విలువ తీసేయాలి. మిగిలిందే అర్హత. ఒక సంస్థ గరిష్ఠ ఏడాది పని 3 కోట్లు, కొత్త పని గడువు 6 నెలలు, చేతిలో ఉన్న పని 2 కోట్లు అనుకుందాం. 3ను అర్ధ సంవత్సరంతో గుణించి రెట్టింపు చేస్తే 3 కోట్లు, పాత పని తీసేస్తే మిగిలేది కోటి. దీన్ని చాలామంది శాఖ పెట్టిన అడ్డంకిగా చూస్తారు. అసలు అది సంస్థకే రక్షణ. చేతిలో పని ఉండగా ఇంకో పని మీద ఆశపడేవాణ్ని ఆపగలిగిన లెక్క ఇదొక్కటే.

టెండరు లెక్క

శాఖ అంచనా స్టాండర్డ్ షెడ్యూల్ ఆఫ్ రేట్స్ మీద, అంటే ఎస్‌ఎస్‌ఆర్ మీద తయారవుతుంది. సామగ్రి, కూలి, యంత్రం ధరలు కలిపి, వాటి పైన కాంట్రాక్టరు లాభం, పైఖర్చుల కింద 13.615 శాతం చేర్చడం రాష్ట్రంలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. సంస్థ బతకాల్సింది ఈ 13.615లోనే.

ఉదాహరణకు పన్నులు పక్కన పెట్టి, 50 లక్షల అంచనా పనిని చూద్దాం. అందులో అసలు ఖర్చు సుమారు 44 లక్షలు, లాభం, పైఖర్చుల వాటా 6 లక్షలు. టెండరులో 10 శాతం లెస్‌కు, అంటే అంచనా కంటే అంత తక్కువకు, వేసి పని దక్కించుకుంటే చేతికి వచ్చేది 45 లక్షలు. షెడ్యూలు ధరలే నిజమైన ఖర్చయితే మిగిలేది లక్ష రూపాయలు. 12 శాతం లెస్‌కు వెళితే ఏమీ మిగలదు. ఆఫీసు అద్దె, సైట్ ఇంజినీరు జీతం, బండి పెట్రోలు అన్నీ ఆ లక్షలోంచే రావాలి.

అయినా పది, పదిహేను శాతం లెస్‌కు వేసేవాళ్లు ఉంటారు, వాళ్లలో నిలదొక్కుకునేవాళ్లూ ఉంటారు. వాళ్ల అసలు ఖర్చు షెడ్యూలు కంటే తక్కువ కావడమే అందుకు కారణం. సొంత టిప్పరు, కాంక్రీటు కలిపే సొంత మిల్లరు ఉండవచ్చు. దగ్గర్లోని క్వారీ నుంచి కంకర వస్తే లీడు, అంటే రవాణా దూరం, ఖర్చు తగ్గుతుంది. పల్నాడులో ఈ సౌకర్యం కొంత సహజంగానే ఉంది. మాచర్ల నాపరాయి, పిడుగురాళ్ల సున్నం, మాచర్లలో 1958 నుంచి ఉన్న కేసీపీ ఫ్యాక్టరీ సిమెంటు చేతికి అందేంత దూరంలో ఉన్నాయి. కుటుంబ సభ్యులే సైట్ మీద ఉంటే ఆ జీతం పద్దులో కనిపించదు, కానీ అది కూడా ఖర్చేనని గుర్తుంచుకోవాలి. ఇవేవీ లేకుండా, పని పోతుందేమోనన్న భయంతో లెస్‌కు వేసినవాడికి చివరికి సిమెంటు తగ్గించడమో, పని వదిలేయడమో తప్ప దారి ఉండదు. మొదటిది ఊరికి నష్టం, రెండోది అతనికి నష్టం.

టెండరుకు ముందు పని స్థలం చూసి రావడం ఎంత చెప్పినా తక్కువే. కాలువ కింద నేల నల్లరేగడి అయితే అది తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుంటుంది. దాని మీద నేరుగా లైనింగ్ వేస్తే పగులుతుంది కాబట్టి మధ్యలో ఉబ్బని మట్టి పొర వేయాలి. సైట్ మీద సీఎన్‌ఎస్ అనేది దీన్నే. ఆ మట్టి ఎక్కడ దొరుకుతుంది, ఎన్ని కిలోమీటర్ల లీడు అన్నది తెలియకుండా రేటు కోట్ చేయడం గుడ్డిగా పందెం కట్టడమే.

కాలువ మూసిన రోజులు

కుడి కాలువ మీద పని చేసే సంస్థకు ఏడాది అంటే పన్నెండు నెలలు కాదు. నీళ్లు పారుతున్నంత కాలం లోపలి పని సాగదు. పంటకు నీళ్లు ఆపాక, సాధారణంగా వేసవిలో, మళ్లీ జలాశయం నిండి నీళ్లు వదిలేలోపు లైనింగ్, తూముల పని ముగించాలి. అన్ని సంస్థలకూ అవే రోజులు. అందువల్ల అప్పుడే మేస్త్రీలు దొరకరు, మిల్లర్ల అద్దె పెరుగుతుంది, కంకర లారీల కోసం క్యూ కట్టాలి.

దానికి తోడు ఎండ. రాష్ట్రంలో వేసవి వేడికి పేరుపడ్డ రెంటచింతల ఈ జిల్లాలోనిదే, మాచర్లకు పక్కనే. వాతావరణ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటితే కాంక్రీటు పనికి భారత ప్రమాణాలు ప్రత్యేక జాగ్రత్తలు చెబుతాయి. నీరు త్వరగా ఆరిపోతుంది, పలక మీద సన్న పగుళ్లు వస్తాయి. తెల్లవారుజామున కాంక్రీటు పోసి, ఎండెక్కేలోపు ఆపి, గోనెపట్టాలు కప్పి తడపడం ఇక్కడ మేస్త్రీలకు తెలిసిన పనే. కానీ ఆ పద్ధతిలో రోజుకు నడిచే పని గంటలు తగ్గుతాయి. గడువు లెక్క వేసేటప్పుడు రోజులను కాదు, ఈ గంటలను లెక్కపెట్టాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే సిమెంటు, ఇసుక, సెంట్రింగ్ సామాను, మేస్త్రీ అడ్వాన్సు చూసుకున్నవాడు ఏప్రిల్‌లో పని మొదలుపెడతాడు. ఏప్రిల్‌లో మేల్కొన్నవాడు గడువు పొడిగింపు కోసం అర్జీ పెడతాడు.

కొలత పుస్తకం

ఈ వ్యాపారంలో అసలైన ఆస్తి ఎం బుక్. పేజీలకు నంబర్లు వేసిన కొలత పుస్తకంలో అసిస్టెంట్ ఇంజినీరు సిరాతో కొలతలు రాస్తారు. కొట్టివేత ఉంటే సంతకం పెట్టాలి. డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు చెక్ మెజర్‌మెంట్ చేస్తారు. కాంట్రాక్టరు ఒప్పుకున్నట్టు సంతకం చేస్తాడు. ఆ సంతకం తర్వాత ఇంకా పని చేశానంటే వినేవాళ్లు తక్కువ. అయినా చాలామంది బిల్లు మొత్తం చూసి సంతకం పెడతారు, కొలత చదవరు.

మట్టి పనిని దగ్గరగా చూస్తే ఈ మాట బరువు తెలుస్తుంది. గట్టు మీద మట్టి పోయడానికి కాంట్రాక్టరు టిప్పరు ట్రిప్పుల లెక్కన డబ్బు ఇస్తాడు. టిప్పరులో ఉన్నది వదులు మట్టి. శాఖ ఇచ్చేది రోలరు తొక్కాక గట్టులో నిలిచిన ఘనపరిమాణానికి. పది ఘనపు మీటర్ల వదులు మట్టి తొక్కితే మట్టి రకాన్ని బట్టి ఏడు, ఎనిమిది ఘనపు మీటర్లకు దిగుతుంది. ఈ తేడా రేటులో పట్టకుండా వేసినవాడికి మొదటి రోజు నుంచే నష్టం. గట్టు పరిమాణం తేల్చేది పని ముందు తీసిన లెవల్స్‌కూ పని తర్వాత తీసిన లెవల్స్‌కూ మధ్య తేడా. ముందు లెవల్స్ ఇద్దరూ కలిసి తీసి, సంతకాలు చేసి, నకలు దగ్గర ఉంచుకోకుండా పొక్లెయిన్ దించితే ఆ తర్వాత వాదించడానికి ఆధారమే ఉండదు. పాత నేల ఎక్కడుందో ఇక ఎవరూ చూపలేరు.

కంటికి కనబడకుండా పోయే పనులన్నిటికీ ఇదే సూత్రం. పునాది లోతు, సీఎన్‌ఎస్ పొర మందం, స్లాబులో ఇనుము, వీటిని కప్పేలోపే కొలవాలి. 12 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు 0.889 కిలో అని లెక్క ప్రకారం చెల్లిస్తారు, దుకాణంలో మాత్రం కాటా తూకం మీద కొంటారు. రెండింటికీ మధ్య తేడా టన్నుల్లోకి వెళితే చిన్నది కాదు. కాంక్రీటు పోసే ముందు సెంట్రింగ్, ఇనుము చూసి ఇంజినీరు ఇచ్చే ఓకే కార్డు, క్వాలిటీ కంట్రోల్ విభాగం తీసుకునే 150 మిల్లీమీటర్ల క్యూబులు, 28 రోజుల బలం ఫలితం, ఇవన్నీ ఒకే ఫైలులో తేదీల వరసన ఉంటే బిల్లు ఆగడానికి ఒక సాకు తగ్గుతుంది. రోజూ సాయంత్రం ఫోనుతో నాలుగు ఫోటోలు తీసి, తేదీ, చైనేజీ (కాలువ మీద ఆ చోటి దూరం) రాసి పెట్టుకోవడం ఖర్చు లేని అలవాటు.

ఇంజినీరు నోటిమాట మీద చేసిన అదనపు పని ఇంకో గొయ్యి. ఇక్కడ రెండు మీటర్లు లోతుగా తియ్యండి, తర్వాత చూద్దాం అన్న మాటకు చాలామంది తల ఊపుతారు. ఆ ఇంజినీరు బదిలీ అయితే మాట ఆయనతోనే వెళ్లిపోతుంది. మర్యాదగానే ఒక కాగితం రాసి, ఫలానా తేదీన తమరు చెప్పిన ప్రకారం పని మొదలుపెడుతున్నామని తెలియజేసి, అందినట్టు సంతకం తీసుకోవాలి. దీన్ని గొడవగా భావించే ఇంజినీర్లు తక్కువ. ఆడిట్ వచ్చినప్పుడు ఆ కాగితం వాళ్లనూ కాపాడుతుంది.

బిల్లు నుంచి బ్యాంకు దాకా

పైన చెప్పిన 50 లక్షల పనినే మళ్లీ తీసుకుందాం. టెండరుతో 1 శాతం, ఒప్పందం నాడు 1.5 శాతం ధరావతు కట్టాలి. ఆ తర్వాత పని సాగుతుండగా పెట్టే ప్రతి రన్నింగ్ బిల్లులోంచి 7.5 శాతం పట్టుకుంటారు. 45 లక్షల బిల్లుల మీద అది 3.37 లక్షలు. ధరావతుతో కలిపి దాదాపు 4.6 లక్షలు శాఖ దగ్గరే ఉంటాయి. ఆ పనిలో మిగులుతుందనుకున్న లాభానికి ఇది నాలుగున్నర రెట్లు. పని పూర్తయ్యాక కొంత వదులుతారు. 2.5 శాతం మాత్రం లోపాలు సరిచేసే గడువు, సాధారణంగా రెండేళ్లు, తీరేదాకా ఆగుతుంది.

ఇక బిల్లు. ఎం బుక్ నుంచి డివిజన్‌కు, అక్కడి నుంచి పే అండ్ అకౌంట్స్ ఆఫీసుకు వెళ్తుంది. 2018 నుంచి రాష్ట్రంలో చెల్లింపులన్నీ సీఎఫ్‌ఎంఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా నడుస్తున్నాయి. బిల్లు ఏ టేబుల్ మీద ఉందో ఇప్పుడు ఫోనులో కనిపిస్తుంది. అయితే కనిపించడం వేరు, డబ్బు పడటం వేరు. 2018-19లో ఉపాధి హామీ పథకం సామగ్రి పద్దు కింద చేసిన పనుల బిల్లుల కోసం పలువురు హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. 2021లో కోర్టు 12 శాతం వడ్డీతో చెల్లించాలని ఆదేశించింది. గెలిచారు. కానీ ఆ మధ్య ఏళ్లలో వాళ్లు బయట కట్టిన వడ్డీ 12 శాతం కాదు.

ఆ వడ్డీ సంగతే చూద్దాం. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు చాలనివాడు ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు, అంటే ఏడాదికి 24 శాతం. 20 లక్షలు ఆరు నెలలు వాడితే వడ్డీ 2.4 లక్షలు. పనిలో మిగిలేదేమో లక్ష. పని బాగా చేశాడు, నాణ్యత బాగుంది, రేటు సరిపోయింది, అయినా నష్టపోయాడు. ఈ ఒక్క లెక్క అర్థమైతే చిన్న సంస్థల కష్టంలో సగం అర్థమైనట్టే. అందుకే టెండరు వేసేటప్పుడు ప్రతి పనికీ విడిగా నెలవారీ నగదు పట్టిక రాసుకోవాలి. ఏ నెల ఎంత పోతుంది, ఏ నెల ఎంత వస్తుంది, రావలసింది మూడు నెలలు ఆలస్యమైతే ఏమవుతుంది అన్నవి ముందే కాగితం మీద కనబడాలి. చిన్న పనికైనా ఒక్క ఫైనల్ బిల్లు కోసం ఎదురుచూడకుండా మధ్యలో రన్నింగ్ బిల్లు పెట్టుకోవాలి.

చిన్న, సూక్ష్మ సంస్థలకు 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతుంది. నిర్మాణ కాంట్రాక్టులకు అది వర్తిస్తుందా అన్నది కోర్టుల్లో నలిగింది, కొన్ని తీర్పులు వర్తించదనే అన్నాయి. సూక్ష్మ, చిన్న సంస్థలకు ధరావతు మినహాయింపు ఇచ్చిన 2012 కేంద్ర కొనుగోలు విధానం కూడా సరకులు, సేవలకే గానీ నిర్మాణ పనులకు కాదు. బ్రిటన్‌లో 1996 చట్టం ప్రకారం చెల్లింపు తగాదా వస్తే మధ్యవర్తి సాధారణంగా 28 రోజుల్లో తేల్చాలి. పైవాడికి డబ్బు వచ్చాకే కిందివాడికి ఇస్తాననే షరతు అక్కడ చాలా వరకు చెల్లదు. అలాంటి చట్టం ఉన్నా 2018 జనవరిలో కారిలియన్ అనే పెద్ద నిర్మాణ కంపెనీ కూలినప్పుడు వేల చిన్న సబ్ కాంట్రాక్టర్ల డబ్బు చిక్కుకుంది. మన దగ్గర ఆ మాత్రం ప్రత్యేక చట్టం కూడా లేదు. ఉండాలి.

పన్నులు, కోతలు

బిల్లులోంచి ఆదాయపు పన్ను టీడీఎస్ వ్యక్తులకు 1 శాతం, ఇతర సంస్థలకు 2 శాతం పోతుంది. రెండున్నర లక్షలు దాటిన కాంట్రాక్టుల మీద జీఎస్టీ టీడీఎస్ 2 శాతం 2018 అక్టోబరు నుంచి ఉంది. కార్మిక సంక్షేమ సెస్సు 1 శాతం. మట్టి, కంకరకు సీనరేజి, అంటే ఖనిజం మీద ప్రభుత్వానికి కట్టే రుసుము. క్వారీ వేబిల్లులు చూపకపోతే సీనరేజి శాఖే కోసుకుంటుంది. క్వారీ దగ్గర కట్టి, వేబిల్లు పారేసుకుని, మళ్లీ బిల్లులో కోయించుకున్న సంస్థలు ఒకటీ రెండూ కాదు.

చాలా ప్రభుత్వ పనుల మీద 12 శాతంగా ఉన్న జీఎస్టీ 2022 జులై 18న 18 శాతమైంది. సిమెంటు మీద మాత్రం 2025 సెప్టెంబరు 22 దాకా 28 శాతం ఉండి, అప్పుడు 18కి దిగింది. కొన్న ప్రతి సరుకుకూ సరైన ఇన్‌వాయిస్ లేకపోతే కట్టిన పన్ను తిరిగి జమకు రాదు. బిల్లు లేకుండా నాలుగు రూపాయలు తక్కువకు కొన్న కంకర అసలు చవకే కాదు.

ఆదాయపు పన్నులో చిన్న వ్యాపారులకు టర్నోవరు మీద 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన దానిపై 6 శాతం లాభంగా చూపి పుస్తకాలు లేకుండా గడిపే వెసులుబాటు ఉంది. సులువే గానీ, 45 లక్షలకు అది 2.7 లక్షల లాభం. నిజంగా మిగిలింది లక్షే అయితే లేని లాభానికి పన్ను. పద్దులు రాసుకున్నవాడికే నిజం చూపే అవకాశం ఉంటుంది.

కూలీలు, మేస్త్రీలు

పాలమూరు కూలీల గుంపులు కట్టని డ్యాం దేశంలో అరుదు. గుంపు మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చి, అతని ద్వారా మనుషులను తెచ్చుకునే పద్ధతి ఇప్పటికీ ఉంది. ఇప్పుడు ఒడిశా, ఛత్తీస్‌గఢ్, బిహార్ నుంచి కూడా ముఠాలు వస్తున్నాయి. అడ్వాన్సు తీసుకున్న ముఠా ఇంకో సైట్‌కు వెళ్లిపోవడం యజమాని భయం. మేస్త్రీ తీసుకున్న డబ్బు తన చేతికి రాకపోవడం కూలీ భయం. బట్వాడా నేరుగా కూలీల ఖాతాల్లో వేసి, మేస్త్రీ కమిషన్ విడిగా ఇస్తే రెండు భయాలూ తగ్గుతాయి. నీడ, తాగునీరు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, ప్రమాద బీమా ఉన్న సైట్‌కు మనుషులు మళ్లీ వస్తారు. వేసవిలో అందరికీ ఒకేసారి మేస్త్రీలు కావలసిన ఈ ప్రాంతంలో అది దయ మాత్రమే కాదు, వ్యాపారం కూడా.

తరగతిని బట్టి డిప్లొమా లేదా డిగ్రీ ఇంజినీరును సైట్ మీద ఉంచాలని ఒప్పందాలు అడుగుతాయి. పేరుకు సర్టిఫికెట్టు చూపి మనిషిని పెట్టని సంస్థలు ఆ జీతం మిగిలిందనుకుంటాయి. లెవల్స్, ఇనుము పట్టిక, ఎం బుక్ చూసుకునే ఒక్క కుర్రవాడు తన జీతం కంటే ఎక్కువ తెస్తాడు.

యంత్రం విషయంలో ఒక్క మాట. ఏడాదిలో మూడు నెలలు నడిచే పొక్లెయిన్‌కు పన్నెండు నెలల వాయిదా కట్టడం కంటే గంటల లెక్కన అద్దెకు తెచ్చుకోవడమే చాలా సంస్థలకు మేలు. మిల్లరు, వైబ్రేటరు, లెవల్ మెషిన్ మాత్రం సొంతం ఉండాలి.

ఎదుగుదల

1978లో ఏవీఎస్ రాజు స్థాపించిన నాగార్జునా కన్‌స్ట్రక్షన్ భాగస్వామ్య సంస్థగానే మొదలైంది. 1990లో లిమిటెడ్ కంపెనీగా మారి, ఇప్పుడు ఎన్‌సీసీగా దేశమంతటా పనులు చేస్తోంది. 1989లో చిన్న సంస్థగా మొదలైన మేఘా ఇంజినీరింగ్ దారి కూడా అలాంటిదే. 1987లో హైదరాబాద్‌లో పుట్టి నీటి ప్రాజెక్టులతో దేశవ్యాప్తంగా పెరిగిన ఐవీఆర్‌సీఎల్ మాత్రం అప్పుల భారంతో 2018లో దివాలా ప్రక్రియలోకి వెళ్లి, మరుసటి ఏడాది లిక్విడేషన్‌కు చేరింది. ఆకారం ఎంత పెరిగినా రావలసిన డబ్బుకూ కట్టవలసిన అప్పుకూ మధ్య ఎడం ఒక్కటే అన్ని చోట్లా మనిషిని పట్టేది.

విజయపురి సౌత్ స్థాయి సంస్థకు ఎదగడం అంటే పెద్ద పని తీసుకోవడం అనే అర్థం ఒక్కటే ఉండనక్కర్లేదు. పాత ధరావతులన్నీ వెనక్కి వచ్చి, రెండు పనులకు సరిపడా సొంత పెట్టుబడి బ్యాంకులో ఉండటం కూడా ఎదుగుదలే. తండ్రి తర్వాత కొడుకో కూతురో నడపగలిగేలా ఫైళ్లు ఉండటం ఇంకొకటి. ఎన్నో సంస్థలు యజమాని ఆరోగ్యం పాడైన ఏడాదే ఆగిపోతాయి, ఎందుకంటే ఏ పనికి ఎంత రావాలో ఆయన తలలో తప్ప ఎక్కడా లేదు.

శిక్షణ

హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, ఇంజినీరింగ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా నిర్మాణ రంగంలో శిక్షణ ఇస్తాయి. 1941 నుంచి ఉన్న బిల్డర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా కాంట్రాక్టర్ల సమస్యలను ప్రభుత్వం ముందుకు తీసుకెళ్తుంది. పాలిటెక్నిక్‌లలో అంచనా వేయడం నేర్పుతారు. వేసిన అంచనా మీద లెస్ ఎంత వరకు నిలుస్తుంది, వడ్డీ ఎంత తింటుంది, నగదు పట్టిక ఎలా రాయాలి అన్నవి కూడా అదే తరగతిలో, తెలుగులో, నిజమైన ఎం బుక్ ముందు పెట్టుకుని నేర్పాలి. కొత్తగా రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టేవాళ్లు మొదటి టెండరు వేసే ముందు ఒప్పందం షరతులు ఆసాంతం చదివి, చెల్లింపు, అదనపు పని, గడువు పొడిగింపు, ధరావతు విడుదల గురించి ఉన్న నాలుగు క్లాజులను సొంత చేతితో రాసి దగ్గర ఉంచుకోండి.